టెక్ సందేహాలు: కారవాన్ టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి?

ప్రశ్న: టెంపో ట్రావెలర్‌ను కారవాన్‌గా మార్పించాం. టాయిలెట్ ట్యాంకు 60 లీటర్లు, సింకు నీళ్లకు వేరే ట్యాంకు ఉంది. నలుగురం ఒంగోలు నుంచి మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలి. ట్యాంకు ఖాళీ చేసే చోట్లు చూపించే యాప్ ఉందా? ఖాళీ చేశాక కూడా మీటరు ‘ఫుల్’ అనే చూపిస్తోంది, ఎందుకు?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఐఓవర్‌ల్యాండర్ అనే యాప్‌లో ‘డంప్ స్టేషన్’ (ట్యాంకు ఖాళీ చేసే చోటు) ఫిల్టర్ ఉంది. అమెరికాలో క్యాంప్‌గ్రౌండ్లలో గొట్టం పెట్టే గుంత ప్రత్యేకంగా కట్టి ఉంటుంది కాబట్టి అక్కడ అది బాగా అక్కరకొస్తుంది. మన దారిలో దాన్ని నమ్ముకుని బయల్దేరకండి. సెప్టిక్ ట్యాంకు ఉండి, సరేననే యజమాని దొరికే చోటు చూసుకోవాలి: లాడ్జి, కల్యాణ మండపం, పెద్ద పెట్రోల్ బంకు. ముందురోజే ఫోన్ చేసి అడగండి. ‘మీ టాయిలెట్ ట్యాంకులో వాసన రాకుండా ఏం మందు వేస్తారు?’ అని ఎవరైనా అడిగితే అడ్డం తిరుగుతున్నారనుకోకండి. ఫార్మాలిన్ కలిసిన మందు వాళ్ల ట్యాంకులోని బాక్టీరియాను చంపేస్తుంది. ఎంజైమ్ మందు వాడుతున్నామని చెప్పండి, నిజంగా అదే వాడండి.

ఒప్పుకున్న ప్రతి చోటునూ గూగుల్ మ్యాప్స్‌లో ఒక లిస్టు పెట్టి సేవ్ చేయండి. నోట్‌లో ‘ఛాంబరు వెనక గోడ పక్కన, ఉదయం 7 లోపు’ అన్నంత వివరంగా రాసుకోండి. దోర్నాల దాటితే నల్లమలలో సిగ్నల్ నమ్మకం లేదు. ఒంగోలులోనే ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’లోకి వెళ్లి శ్రీశైలం దాకా దింపుకోండి. అటవీ చెక్‌పోస్టు రాత్రిపూట మూసేస్తారు, ఆ లెక్కా చూసుకోండి.

ఫ్లష్‌కు లీటరున్నర, మనిషికి రోజుకు అయిదుసార్లు అనుకుంటే నలుగురికి 30 లీటర్లు. అంటే మీ ట్యాంకు రెండు రోజులకు నిండుతుంది. మూడింట రెండొంతులు నిండాకే వదలండి. తక్కువగా ఉన్నప్పుడు వదిలితే తోసే నీళ్లు చాలక మలం అడుగున పేరుకుంటుంది. టాయిలెట్ ట్యాంకును ఖాళీ చేసే వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంచినా అంతే, నీళ్లు పోయి గట్టిది మిగులుతుంది. ముందు టాయిలెట్ ట్యాంకు, ఆ తర్వాత సింకు ట్యాంకు వదలండి. సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. చివర్లో వాల్వు మూసి అయిదారు లీటర్ల మంచినీళ్లు, మందు పోయండి.

సెప్టిక్ ట్యాంకు బండిని పిలిపించి పీల్పిస్తే టాయిలెట్ పెడల్ తొక్కి పట్టుకోవాలి. గాలి లోపలికి రాకపోతే ప్లాస్టిక్ ట్యాంకు నొక్కుకుపోతుంది.

మీటరు సంగతికొస్తే, ట్యాంకు గోడకు ఉన్న చిన్న లోహపు మొనలకు తడి తగిలితే అది నిండినట్టు లెక్కగడుతుంది. టిష్యూ ముక్కో, జిడ్డో వాటికి అంటుకుని ఉంటుంది. సగం నీళ్లు, కాస్త డిష్‌వాష్ లిక్విడ్ పోసి పది ఇరవై కిలోమీటర్లు నడిపి, సరైన చోట వదలండి. బ్లీచింగ్ వేయొద్దు, సీళ్లు ఎండి పగులుతాయి. అప్పటికీ ‘ఫుల్’ అంటే వైరు కనెక్షన్ చూపించండి. అది కుదిరేదాకా టార్చి వేసి పైనుంచి చూసుకోవడమే నయం.