భయపెట్టిన సినిమా గురించి రాయబోయే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఈ మధ్య చూసిన హారర్, థ్రిల్లర్ సినిమాల మీద నువ్వు రాసి పంపిన అభిప్రాయాలన్నీ తీరిగ్గా చదివాను. ఒకదాని గురించి ‘బాగా భయపెట్టింది’ అని, మరొకదాని గురించి ‘ఫస్టాఫ్ ల్యాగ్, సెకండాఫ్ పర్లేదు’ అని, ఇంకొకదాని గురించి ‘ట్విస్ట్ అదిరింది’ అని రాశావు. వీటిలో అబద్ధమేమీ లేదు గానీ, ఆ సినిమా చూడని మనిషికి వీటివల్ల తెలిసేది చాలా తక్కువ. భయం వేసిందన్నంత వరకు అది నీ గురించిన కబురు. ఏ క్షణంలో వేసింది, దర్శకుడు ఏం చేస్తే వేసింది, ఎంతసేపు నిలిచింది అని చెప్పగలిగినప్పుడు అది సినిమా గురించిన అభిప్రాయమవుతుంది. ఎన్నో ఏళ్లుగా ఈ తరహా సినిమాలను ఇష్టపడి చూస్తూ, చూసినవాటి గురించి రాసుకుంటూ వస్తున్నదాన్ని కాబట్టి, నాకు పనికొచ్చిన పద్ధతులు నీకూ చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, సినిమా అయిపోయిన వెంటనే, ఎవరి రివ్యూ చదవకముందే, గుర్తున్నవన్నీ కాగితం మీద పెట్టు. మిగతా సినిమాల సంగతి ఎలా ఉన్నా, హారర్ విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. రాత్రి గుండె దడదడలాడించిన దృశ్యం తెల్లవారి వెలుతురులో తలచుకుంటే చిన్నబోతుంది; ఇంత మాత్రానికేనా భయపడ్డాను అనిపించి, మనకు తెలియకుండానే మన అనుభవాన్ని తగ్గించి రాస్తాం. ఆపైన పదిమంది రాసినవి చదివామంటే వాళ్ల మాటలే మన మాటలైపోతాయి. అప్పటికప్పుడు పూర్తి వాక్యాలు కుదరనక్కర్లేదు. మెట్ల మీద నీడ, ఫోన్ మోగి ఆగిపోవడం, పాప నవ్వు వినిపించిన దిక్కు, ఇలా నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు, తర్వాత వాటి వెంబడే మిగతాదంతా గుర్తుకొస్తుంది.

ఆ ముక్కలను ముందు పెట్టుకుని, ఎక్కడ ఉలిక్కిపడ్డావో, ఎక్కడ భయపడ్డావో విడదీసి చూసుకో. ఉలికిపాటు శరీరానికి సంబంధించినది. పెద్ద చప్పుడు వినిపిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, అందుకు కథతో పనిలేదు. భయం మాత్రం మన ఊహలో పుట్టి పెరగాలి, అలా పెరగడానికి దర్శకుడు దానికి సమయం ఇవ్వాలి. అంతమాత్రాన జంప్ స్కేర్‌లను, అంటే హఠాత్తుగా పెద్ద చప్పుడుతో ఉలిక్కిపడేలా చేసే ఎత్తుగడలను, అన్నిటినీ చులకనగా చూడమని నేననను. 1942లో వాల్ లూటన్ నిర్మించగా జాక్ టూర్నర్ దర్శకత్వం వహించిన ‘క్యాట్ పీపుల్’లో ఒక దృశ్యం ఉంది. రాత్రివేళ ఒక స్త్రీ గోడ పక్కన ఒంటరిగా నడిచిపోతూ ఉంటుంది. వెనకాల ఇంకొక స్త్రీ చెప్పుల చప్పుడు. సంగీతం లేదు. వీధి దీపాల వెలుతురు, ఆ తర్వాత చీకటి, మళ్లీ వెలుతురు. ఒకచోట వెనక అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ముందున్న ఆమె వడివడిగా నడుస్తుంది, వెనక్కి చూస్తుంది, ఎవరూ కనిపించరు. ఇక ఏదో మీదకు దూకబోతోందని మనం ఊపిరి బిగబట్టిన క్షణంలో, క్రూరమృగం బుసకొట్టినట్టు ఒక శబ్దం వచ్చి, తెర పక్క నుంచి బస్సు దూసుకొచ్చి ఆగుతుంది. బుసకొట్టింది దాని బ్రేకులే. ఆ తర్వాత ఆ బృందం ఇటువంటి ఎత్తుగడలన్నిటినీ ‘బస్సు’ అనే పిలుచుకుంది. ఆ ఉలికిపాటు ఎందుకంత బాగా పనిచేసిందో గమనించు: అంతకుముందు నడిచిన నిశ్శబ్దమంతా దానికి పెట్టుబడి. ఈ రోజు చూసే సినిమాలలో జంప్ స్కేర్ వచ్చినప్పుడల్లా నువ్వు వేసుకోవలసిన ప్రశ్న కూడా అక్కడే ఉంది. ఆ పెద్ద శబ్దాన్ని తీసేస్తే ఆ దృశ్యంలో ఏమైనా మిగులుతుందా? మిగిలితే దర్శకుణ్ణి మెచ్చుకో. మిగలకపోతే, అద్దంలో వెనక నిలబడినది చివరికి స్నేహితురాలే అయి, భయపడమని సంగీతం ఒక్కటే అరిచి చెప్పినట్లయితే, ఆ సంగతి మొహమాటపడకుండా రాసెయ్.

నీ రాతలో నాకు కొరతగా తోచింది ఇలాంటి దగ్గరి చూపే. ‘ఇంట్లో సీన్లు బాగా తీశారు’ అని ఒకచోట రాశావు. దానికి బదులు, ‘తల్లి వంటగదిలో మాట్లాడుతున్నంతసేపూ ఆమె వెనకాల తలుపు సగం తెరిచే ఉంది, కెమెరా ఒక్కసారి కూడా దాని దగ్గరికి పోలేదు, నేను మాత్రం తల్లి ముఖం చూడడం మానేసి ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాను’ అని రాసి ఉంటే, కథ ఒక్క ముక్క చెప్పకుండానే ఆ దర్శకుడి పనితనం మొత్తం నాకు తెలిసిపోయేది. ఒక్క సినిమాకు ఇలాంటి వాక్యం ఒక్కటి దొరికినా చాలు, మిగతా రివ్యూ దాని చుట్టూ అల్లుకోవచ్చు.

‘ల్యాగ్’ అన్న మాటను మాత్రం కాస్త పొదుపుగా వాడమని అడుగుతున్నాను. నెమ్మదిగా నడిచిన దృశ్యాలన్నీ సాగదీసినవి కావు. 2022లో వచ్చిన ‘మసూద’నే తీసుకో. తొలిభాగంలో ఎక్కువ సేపు ఒంటరిగా కూతురిని పెంచుకుంటున్న తల్లిని, పక్కింట్లో ఉండే పిరికి కుర్రాడిని చూపిస్తూ పోతుంది. ఆ నిడివి లేకపోతే, తర్వాత ఆ ఇంట్లో జరిగేవాటికి ఆ కుర్రాడు వణికిపోతూనే తోడు నిలబడడంలో మనకు అంత పట్టింపు ఉండేది కాదని నా నమ్మకం. అతడు ధైర్యవంతుడై ఉంటే మన భయం సగానికి పడిపోయేది. నెమ్మదిగా ఉన్న దృశ్యం గురించి రాసే ముందు, అందులో తెలిసిన సంగతిని సినిమా తర్వాత ఎక్కడైనా వాడుకుందా అని చూసుకో. వాడుకుంటే అది పునాది. వాడుకోకపోతే, కథ మధ్యలో వచ్చిన కామెడీ ట్రాక్ వల్లనో పాట వల్లనో అప్పటిదాకా పోగైన బిగువు సడలిపోతే, ఏ దృశ్యం దగ్గర సడలిందో పేరుపెట్టి మరీ చెప్పు.

ధ్వని గురించి నువ్వు ఒక్క సినిమాకు కూడా రాయలేదు, అది నాకు ఆశ్చర్యం కలిగించింది. హారర్ సినిమాలో భయం చాలావరకు చెవుల ద్వారానే లోపలికి వస్తుంది. హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ తీసినప్పుడు స్నానాలగది దృశ్యానికి సంగీతం వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాద్యాలతో మాత్రమే చేసిన బాణీ విన్న తర్వాత మనసు మార్చుకున్నాడు. కత్తి శరీరంలో దిగడం దాదాపుగా కనిపించని ఆ దృశ్యాన్ని అంత క్రూరంగా గుర్తుపెట్టుకున్నామంటే అందులో ఆ వయొలిన్ల కోత పాత్ర చాలా ఉంది. కాబట్టి సినిమాలో సంగీతం ఎప్పుడు మొదలైందో గమనించినట్టే ఎప్పుడు ఆగిందో కూడా గమనించు. దీనితోపాటే నువ్వు ఏ సినిమాను ఎలా చూశావో రాయడం కూడా అవసరం. 2018లో వచ్చిన ‘ఎ క్వయట్ ప్లేస్’లో శబ్దం చేస్తే చాలు, ప్రాణాలు తీసే జీవులు వచ్చిపడతాయి, అటువంటి సినిమాను పట్టపగలు, ఫోన్‌లో, చుట్టూ నలుగురు మాట్లాడుకుంటుండగా చూసి ‘భయమే వేయలేదు’ అని తీర్పు చెప్పడం దానికి అన్యాయం చేయడమే. ఫోన్‌లో చూడడం తప్పేమీ కాదు. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెబితే పాఠకుడు తన లెక్క తాను వేసుకుంటాడు.

దెయ్యాన్ని ఎంత చూపించాలి అన్నది ఈ తరహా సినిమాలన్నిటికీ పాత చిక్కు. 1975 నాటి ‘జాస్’ షూటింగులో యంత్రపు సొరచేప మాటిమాటికీ చెడిపోవడంతో దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని తక్కువగా చూపించవలసి వచ్చింది, సగం సినిమా దాటేదాకా అది పూర్తిగా కనిపించనే కనిపించదు. సినిమాకు అదే బలమైంది. మన దగ్గర వచ్చే చాలా సినిమాలు చివరి మూడో వంతులో తడబడేది ఇక్కడే. అప్పటిదాకా తలుపు చాటున ఉన్నది తెర మధ్యకు వస్తుంది, దానికొక ఫ్లాష్‌బ్యాక్ మొదలవుతుంది, ఎవరు ఎవరికి అన్యాయం చేశారో అంతా వివరంగా చెప్పేస్తారు, దాంతో భయం పోయి జాలి మిగులుతుంది. జాలి పుట్టించడమే దర్శకుడి ఉద్దేశమైతే అది వేరే సంగతి, ఆ మార్పు కుదిరిందో లేదో నువ్వు చెప్పాలి. ఇందుకు భిన్నంగా 2024లో వచ్చిన మలయాళ చిత్రం ‘భ్రమయుగం’ చూడు. మొత్తం నలుపు తెలుపుల్లో, ఎక్కువ భాగం ఒక్క పాడుబడిన భవంతిలో, మూడు పాత్రల మధ్యే నడుస్తుంది. ఆశ్రయం కోరి వచ్చిన గాయకుడితో ఆ ఇంటి యజమాని పాచికలాడతాడు, పందెం కాసేది ఆ గాయకుడి కాలాన్ని. ఆ ఆట జరుగుతున్నప్పుడు యజమానిగా నటించిన మమ్ముట్టి ముఖంలో కనిపించే ఆ నింపాదితనం ఉందే, అంతటి భయం నాకు ఈ మధ్య ఏ గ్రాఫిక్స్ దెయ్యమూ కలిగించలేదు.

థ్రిల్లర్‌ను తూచడానికి వేరే తక్కెడ కావాలి. హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా ట్రుఫోతో మాట్లాడుతూ చెప్పిన బాంబు ఉదాహరణ నీకు తెలిసే ఉంటుంది: బల్ల కింద బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి తెలియకుండా పేలితే 15 సెకన్ల ఆశ్చర్యం, ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ఈ రెండింటిలో సినిమా దేనిని ఎంచుకుంది, ఆ ఎంపిక ఆ కథకు తగినదేనా అని ఆలోచించు. ఆశ్చర్యాన్ని ఎంచుకున్న సినిమా అయితే న్యాయంగా ఆడిందా అన్నది ముఖ్యం. అసలు సంగతి బయటపడ్డాక వెనక్కి వెళ్లి చూస్తే ఆధారాలన్నీ మన కళ్లముందే ఉండి ఉండాలి. మనం చూసి కూడా పట్టించుకోకపోవడం వేరు, దర్శకుడు ఆధారాలను దాచిపెట్టి చివర్లో జేబులోంచి తీయడం వేరు. వీలైతే మంచి థ్రిల్లర్‌ను రెండోసారి చూసి రాయి. ముగింపు తెలిశాక కూడా కూర్చోబెట్టిన సినిమా అరుదు, అటువంటిది దొరికితే ఎంత మెచ్చుకున్నా తప్పులేదు. ఇక, 2019లో వచ్చిన ‘ఎవరు’కు 2016 నాటి స్పానిష్ చిత్రం ‘కాంట్రాటియెంపో’ ఆధారం; 2019లోనే హిందీలో ‘బద్లా’ కూడా దాన్నుంచే వచ్చింది. మూలం చూసినవాళ్లకు ట్విస్ట్ ముందే తెలుసు కాబట్టి, ‘నేను ఊహించేశాను’ అని గొప్పగా రాసుకోవడంలో అర్థం లేదు. పాత్రలను ఎలా మార్చారు, ఆ మార్పుతో కొత్త బరువేమైనా వచ్చిందా అన్నదే అప్పుడు రాయదగ్గ విషయం.

స్పాయిలర్ల సంగతిలో, అంటే కథలోని రహస్యాన్ని ముందే బయటపెట్టే మాటల విషయంలో, నేను మొండిదాన్ని. 1955లో ఫ్రెంచ్ దర్శకుడు క్లూజో తీసిన ‘లె దియబోలిక్’ చివర, ముగింపును స్నేహితులకు చెప్పి వాళ్ల ఆనందం పాడుచేయవద్దని తెర మీదే వేడుకున్నారు. కథ చెప్పకపోవడం ఒక్కటే చాలదు. ‘చివర్లో ఊహించని ట్విస్ట్ ఉంది’ అని రాసినా నష్టమే, ఎందుకంటే చదివినవాడు మొదటి దృశ్యం నుంచీ ప్రతి పాత్రనూ అనుమానిస్తూ కూర్చుంటాడు. ‘ఫలానా నటుడి పాత్ర షాకిస్తుంది’ అని రాస్తే ఇంకా ఘోరం. ముగింపు గురించి తప్పక మాట్లాడాలనిపిస్తే రివ్యూ పూర్తయ్యాక విడిగా, సినిమా చూసినవాళ్లు మాత్రమే చదవండి అని హెచ్చరించి రాయి. తొలి అరగంటలో జరిగినది దాటి కథ చెప్పకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. నువ్వూ ప్రయత్నించి చూడు.

నీ అభిప్రాయాల్లో ఎక్కడా కనిపించని సంగతి ఇంకొకటి ఉంది, నాకు అది చాలా ముఖ్యం. ఆ సినిమా మనల్ని దేన్ని చూసి భయపడమంటోంది? 2018 నాటి ‘తుంబాడ్’లో బంగారు నాణేలు తన దగ్గరుంచుకున్న రాక్షసుడు ఉన్నా, అసలు భయం పుట్టేది మనిషి ఆశలోనుంచి, అది తండ్రి నుంచి కొడుకుకు పాకడంలోనుంచి. అటువంటి సినిమా మనసులో పాతుకుపోతుంది. మరికొన్ని సినిమాలు మానసిక అనారోగ్యాన్ని, ముఖం మీది మచ్చను, అంగవైకల్యాన్ని భయానికి దగ్గరిదారిగా వాడుకుంటాయి. హంతకుడు ఎందుకలా చేశాడంటే పిచ్చివాడు కాబట్టి అని చేతులు దులుపుకునే థ్రిల్లర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. నిజ జీవితంలో మానసిక రోగంతో బాధపడేవాళ్లలో చాలామంది ఎవరికీ హాని చేయకుండా, తమ బాధ తాము పడుతూ ఉంటారు. స్త్రీల మీద హింసను కెమెరా ఎంతసేపు, ఏ వైపునుంచి చూపిస్తోందో కూడా గమనించు. ఆమె భయాన్ని ఆమెతోపాటు పడుతున్నామా, లేక ఆమెను వేటాడేవాడి కళ్లతో చూస్తున్నామా? ఎంత నేర్పుగా తీసిన సినిమా అయినా, ఈ ప్రశ్న దగ్గర నిన్ను ఇబ్బంది పెడితే ఆ ఇబ్బందిని దాచకు.

రేటింగుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇవ్వాలనుకుంటే ఇవ్వు, కానీ రాయడం పూర్తయిన తర్వాతే ఇవ్వు. ముందే ఇచ్చేస్తే ఆ అంకెను సమర్థించుకోవడానికే మిగతా వాక్యాలన్నీ పుడతాయి.

నువ్వు పంపినవాటిలో ‘పర్లేదు’ అని ఒక్క మాటతో వదిలేసిన సినిమా ఒకటుంది కదా, దానితోనే మొదలుపెట్టు. బాగా నచ్చినదాని గురించీ, అసలు నచ్చనిదాని గురించీ ఎవరైనా రాస్తారు. అటూ ఇటూ కానిదాని గురించి రాసేటప్పుడే ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది అని వెతకక తప్పదు. వీలు చూసుకుని మళ్లీ ఒకసారి చూసి, ఒక్క దృశ్యాన్ని ఎంచుకుని, ఒక పేజీ రాసి పంపు. నేనూ ఆ సినిమా చూసి ఉంచుతాను, మనిద్దరికీ ఎక్కడ పొత్తు కుదరదో అక్కడ వాదించుకుందాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ