రిగ్గు కంటే నీళ్ల ట్యాంకరే రోడ్డుకు ఎక్కువ చేటు

చమురు, గ్యాస్ బావుల తవ్వకం మొదలైన కొద్ది నెలలకే మంచి తారు రోడ్డు ఎందుకు పాడవుతుందని, అది భారీ రిగ్గుల పుణ్యమేనా అని మీరు అడిగారు. అలాంటి ప్రాంతంలో రోడ్ల స్థితిని తనిఖీ చేసే పనిలో కొంతకాలం ఉన్నాను కనుక నిస్సంకోచంగా చెబుతున్నాను: రిగ్గుపై వేస్తున్న నిందలో ముప్పాతిక వంతు నీళ్ల ట్యాంకర్లకు, ఇసుక లారీలకు దక్కాలి.

రిగ్గు ముందస్తు అనుమతితో, బరువును అనేక ఇరుసుల మీదికి పంచే ట్రెయిలర్లపై మెల్లగా వచ్చి వెళ్లిపోతుంది. అందరూ ఆగి ఫొటోలు తీసుకునేది దానినే. చమురు, గ్యాస్ బయటికి వచ్చేలా భూమి లోపలి రాతిని చీల్చడానికి కావలసిన నీరు, ఇసుక, ఆ తరువాత పైకి వచ్చే ఉప్పునీరు మాత్రం పైపులైను లేని చోట రాత్రింబవళ్లు లారీల్లోనే తిరుగుతాయి. ఒక గ్యాస్ బావిని ఉత్పత్తి దశకు తేవడానికి 1,184 లోడు లారీలు అవసరమని, ఆ దెబ్బ దాదాపు 80 లక్షల కార్లు తిరిగినదానితో సమానమని టెక్సస్ రవాణా శాఖ 2012లో లెక్క చెప్పింది.

ఆ లెక్క అతిశయోక్తిలా కనిపించవచ్చు కానీ, 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర జరిపిన రోడ్డు పరీక్షల్లో తేలినదాని ప్రకారం, నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లవుతుంది. ఇరవై శాతం అధిక లోడు వేసినా నష్టం రెట్టింపు దాటుతుంది. ఇంత తెలిసి కూడా తూకం వేసే సిబ్బంది అనుమతి పత్రాలన్నీ సక్రమంగా ఉన్న రిగ్గును ఆపి గంటలకొద్దీ ప్రశ్నిస్తారు, పొంగిపొర్లే ట్యాంకరును చూసీ చూడనట్టు వదిలేస్తారు.

ఒక రాత్రంతా వర్షం కురిశాక, బావి దారి ప్రధాన రోడ్డులో కలిసే మలుపు దగ్గర నేను వంగి చూస్తుండగా ఒక ట్యాంకరు దాటింది. చక్రం పడిన చోట తారు కళ్లముందే కుంగి లేచింది. పగుళ్లలోంచి బూడిదరంగు బురదనీరు చిమ్మి నా బూట్ల మీద పడింది. కంకర పొరకు పట్టునిచ్చే సన్నని మట్టి అలా బయటికి కొట్టుకొస్తోందంటే, అడుగు డొల్లవుతోందని అర్థం. కొద్ది దూరంలో, ఎదురెదురుగా వచ్చిన లారీలు తప్పుకోవడానికి ఒక పక్క చక్రాలను మట్టి మార్జిన్‌లోకి దించడం వల్ల, తారు అంచు అడుగడుగునా విరిగిపోయి ఉంది. మరమ్మతు పేరిట ఒక గుత్తేదారు ఆ బురద గుంతలోనే వేడి తారు కంకర పోసి చదును చేయించాడు. మురుగు కాలువ తవ్వకుండా, తడిసిన అడుగు మార్చకుండా వేసిన అతుకు వారం తిరక్కుండానే ఊడివచ్చింది. బిల్లు మాత్రం మంజూరైంది.

ఈ రోడ్లలో చాలావరకు తేలికపాటి వాహనాల కోసం పలుచగా వేసినవే. బాగుచేసే డబ్బు లేక టెక్సస్‌లోనే 2013లో కొన్ని తారు రోడ్లను తిరిగి కంకర రోడ్లుగా మార్చడానికి పూనుకున్నారు. అందుకే మొదటి ట్యాంకరు రాకముందే ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటరుతో (బరువును జారవిడిచి రోడ్డు ఎంత కుంగుతుందో చూసే పరికరం) రోడ్డు బలాన్ని కొలిపించి, ఆ నివేదికపై కంపెనీ సంతకం తీసుకుని, మరమ్మతు హామీ సొమ్మును ముందే జమ చేయించుకోవాలి. ఆ కాగితం లేకపోతే "రోడ్డు మేము రాకముందు నుంచీ ఇలాగే ఉంది" అని కంపెనీ చేతులు దులుపుకుంటుంది, కాదని రుజువు చేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.