సైకిల్ సందేహాలు: పొగాచార్‌కు చిక్కు పెద్ద కొండలతో కాదు

ప్రశ్న: టూర్ డి ఫ్రాన్స్ 4 సార్లు గెలిచిన స్లొవేనియా రైడర్ తాదేయ్ పొగాచార్‌కు ఇటలీలో జరిగే ఒక్కరోజు రేసు మిలాన్-శాన్ రెమో మాత్రం 2025 దాకా ఎందుకు అందలేదు? అందులో ఉన్నవి చిన్న గుట్టలే కదా. 2026లోనైనా గెలుస్తాడా? (హైదరాబాద్)

గుట్టలు చిన్నవి కాబట్టే అందలేదు. 2022 నుంచి 2025 దాకా అతని స్థానాలు వరసగా 5, 4, 3, 3. దాదాపు 290 కిలోమీటర్ల ఈ రేసులో ఫలితం తేలేది చివరి రెండు ఎక్కుళ్ల దగ్గరే. చిప్రెస్సా 5.6 కిలోమీటర్లు, సగటు వాలు 4 శాతం. పోజ్జో 3.7 కిలోమీటర్లు, వాలు 4 శాతం కూడా లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పొగాచార్ బరువు సుమారు 66 కిలోలు. సైకిలు, బట్టలు, సీసా కలిపి 74 అనుకోండి. చిప్రెస్సాను 9 నిమిషాల్లో ఎక్కాలంటే గంటకు 37 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగంలో బరువును పైకి లాగడానికి 300 వాట్లు, గాలిని చీల్చుకుని పోవడానికి ఇంకో 200, టైర్ల రాపిడికి 30 ఖర్చవుతాయి. వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని వచ్చేవాడికి గాలి ఖర్చులో మూడో వంతు తగ్గినా 65 వాట్లు మిగిలినట్టే. అదే 8 శాతం వాలు మీద గంటకు 22 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే గాలికి పోయేది 40 వాట్లే. వెనక ఉన్నవాడికి మిగిలేది 13 వాట్లు. ఆల్ప్స్‌లోని గాలీబియే లాంటి పెద్ద కొండ మీద ఎప్పుడో జారిపోయేవాళ్లు చిప్రెస్సా మీద అతుక్కునే ఉండటానికి కారణం ఇదే.

2025లో జరిగిందీ అదే. పొగాచార్ చిప్రెస్సా మీదే దాడి చేశాడు. పోజ్జో దాకా ఆగకుండా అంత ముందే కదలడం సరైన ఎత్తుగడ. అయినా నెదర్లాండ్స్ రైడర్ మాత్యూ వాన్ డెర్ పూల్, ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా వదల్లేదు. రేసు ముగిసే వీధి వియా రోమా మీద చివరి పరుగులో వాన్ డెర్ పూల్ మొదట, గన్నా తర్వాత, పొగాచార్ మూడో స్థానంలో వచ్చారు.

2026 మార్చి 21న గెలవాలంటే మూడు కలిసిరావాలి. చిప్రెస్సా మొదలయ్యే మలుపులోకి అతను మొదటి పది మందిలో ఉండి దిగాలి. ముప్పయ్యో స్థానంలో చిక్కుకుంటే, దాడికి దాచుకున్న శక్తి మనుషుల్ని దాటుకుని రావడానికే అయిపోతుంది. రెండోది గాలి. వెనక నుంచి వీస్తే ఎదురొత్తిడి తగ్గుతుంది, ముందున్నవాడి వెనక గాలి తగలని నీడలో వచ్చేవాడి లాభమూ తగ్గుతుంది. ఎదురుగాలి అయితే రెండు గుట్టల మధ్య చదునులో గుంపు వచ్చి పట్టేస్తుంది. మూడోది, పోజ్జో మీదికి చేరేసరికి అతని వెనక వాన్ డెర్ పూల్ ఉండకూడదు. అక్కడి నుంచి ముగింపు గీతకు ఐదున్నర కిలోమీటర్లే. ఎక్కువ భాగం దిగుడు. దిగుడులో వాన్ డెర్ పూల్‌ను వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: మరి ఫ్రాన్స్‌లోని ఒక్కరోజు రేసు పారిస్-రూబే? అది బరువైన రైడర్ల రేసు అంటారు. (విజయవాడ)

అవును, చదునులో లెక్కకు వచ్చేది కిలోకు ఎన్ని వాట్లు అన్నది కాదు, మొత్తం వాట్లు. వాన్ డెర్ పూల్ 75 కిలోల మనిషి. అయినా నా లెక్కలో పొగాచార్‌కు శాన్ రెమో కన్నా రూబేనే దగ్గర. సుమారు 260 కిలోమీటర్లలో 55 దాకా రాళ్లు పరిచిన దారే. గుంపు ముందే చెదిరిపోతుంది, నీడలో దాక్కునే చోటు తక్కువ. 2025లో మొదటిసారి ఆడి రెండో స్థానంలో వచ్చాడు. 38 కిలోమీటర్లు మిగిలి ఉండగా ఒక మలుపులోకి వేగం ఎక్కువై, గీత తప్పి పక్క అడ్డుబోర్డుల్లోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సైకిలు మార్చుకోవాల్సి వచ్చింది. చివరికి విజేత వాన్ డెర్ పూల్‌తో తేడా 1 నిమిషం 18 సెకన్లు. అక్కడ తప్పింది కాళ్ల బలం కాదు, మలుపు అంచనా. దారిని నాలుగైదుసార్లు తొక్కి చూసుకుంటే సరిదిద్దుకోగల తప్పు అది.

ఈ రెండూ గెలిస్తే ఐదు మాన్యుమెంట్లూ, అంటే ఒక్కరోజు రేసుల్లో అన్నిటికన్నా పెద్దవైన ఐదూ, అతని ఖాతాలో చేరతాయి. 2025 దాకా ఆ ఘనత బెల్జియం రైడర్లు వాన్ లోయ్, మెర్క్స్, డి వ్లేమింక్ ముగ్గురిదే.

ప్రశ్న: ఐదో టూర్ ఖాయమేనా? (అట్లాంటా)

ఏప్రిల్‌లో ఎముక విరగకపోతే, దాదాపు ఖాయం. 2023 ఏప్రిల్‌లో బెల్జియంలోని లియేజ్ రేసులో పడి ఎడమ మణికట్టు ఎముకలు విరిగాయి. శిక్షణకు వారాలు గండిపడ్డాయి. ఆ జూలైలో యోనాస్ వింగెగార్ చేతిలో 7 నిమిషాల 29 సెకన్ల తేడాతో ఓడాడు. రాళ్ల దారి మీద అలా పడే ప్రమాదమే రూబే ఆడటంలో అసలు ఖరీదు. 2026 టూర్ జూలై 4న బార్సెలోనాలో జట్టు టైమ్ ట్రయల్‌తో (జట్టంతా కలిసి గడియారంతో పోటీపడే దశ) మొదలవుతుంది. 19, 20 దశలు రెండూ ఆల్ప్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీదే ముగుస్తాయి. మూడో వారంలో అలసట ఉంటే అక్కడ బయటపడక తప్పదు.

ప్రశ్న: రూబేలో టైర్ల గాలి బాగా తగ్గిస్తారట. మా రోడ్ల గుంతలకు నేనూ తగ్గించవచ్చా? నా బరువు 70 కిలోలు. టైర్లు 28 మిల్లీమీటర్లు, ట్యూబులు ఉన్నవి. (విశాఖపట్నం)

వాళ్లంత వద్దు. వాళ్లవి 32 లేదా అంతకన్నా వెడల్పు టైర్లు, లోపల ట్యూబు ఉండదు. మీ టైరులో గాలి మరీ తక్కువైతే గుంత అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్‌కూ రాయికీ మధ్య నలుగుతుంది. విప్పి చూస్తే పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తాయి. ముందు చక్రం 70 పీఎస్ఐ, వెనక 75తో మొదలుపెట్టండి. వారం తొక్కి, చేతులు ఇంకా అదురుతుంటే 3 పీఎస్ఐ తగ్గించండి. ముందు 62, వెనక 67 కన్నా కిందికి వెళ్లకండి. బొటనవేలితో నొక్కి అంచనా వేయడం పనికిరాదు, గేజీ ఉన్న పంపు వాడండి. రిమ్ మీద హుక్‌లెస్ (టైరు అంచును పట్టి ఉంచే వంపు లేనిది) అని రాసి ఉంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు, దానికి సరిపడే ట్యూబ్‌లెస్ టైరే వేయాలి. అలాంటి రిమ్‌కు మామూలు టైరు ఎక్కించి గాలి గట్టిగా కొడితే టైరు రిమ్ నుంచి ఊడి వచ్చేస్తుంది.