దూడల్ని ఇంటి దగ్గర అమ్మాలా, వేలానికి తోలాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నాలుగూ టెక్సాస్‌లో కాస్త భూమి కొనుక్కుని మాంసం పశువులు పెంచుతున్న మన వాళ్ళవే. నేనూ పన్నెండేళ్ళుగా అదే పనిలో ఉన్నాను కాబట్టి అన్నిటికీ ఒకేసారి రాస్తున్నాను.

ప్రశ్న: మాకు 22 ఆవులున్నాయి. ఈ ఏడు 18 దూడలు అమ్మకానికి వచ్చాయి, సగం కోడెలు, సగం పెయ్యలు. పోయిన వారం ఒకాయన ఇంటికే వచ్చి, చూసి, ఒక్కోటి 1,650 డాలర్లు ఇస్తాను, రేపే ట్రైలర్ తెస్తాను, నీకు కమీషన్ ఖర్చు ఉండదు అన్నాడు. పక్క రాంచ్ పెద్దాయనేమో సేల్ బార్న్‌కి తోలు, వేలంలో ఎక్కువ వస్తుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ముందు ఒక్కటి చెప్పండి, మీ దూడలు ఎన్నేసి పౌండ్లు ఉన్నాయి? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడా లేదు. ఆ సంగతి తెలియకుండా 1,650 ఎక్కువో తక్కువో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఇంటికి వచ్చిన ఆయన మాత్రం చెప్పగలడు, ఎందుకంటే వారానికి వందల దూడల్ని చూసే కన్ను ఆయనది.

నాకు జరిగింది చెబుతాను. మొదట్లో నేనూ ఇలాగే 11 దూడల్ని ఇంటి దగ్గర ఇచ్చేశాను. వచ్చినాయన ఇవి 450 పౌండ్లకి మించవు అన్నాడు, అప్పటి ధర పౌండుకి డాలరున్నర, లెక్క కట్టి అక్కడికక్కడే చెక్కు రాశాడు, నేను సంతోషంగా తలుపు తీశాను. తర్వాతి వారం వేరే పని మీద సేల్ బార్న్‌కి వెళ్ళి కూర్చుంటే నా చెవి ట్యాగులతోనే నా దూడలు రింగులోకి వచ్చాయి, పైన బోర్డు మీద సగటు 530 అని వెలిగింది. దూడకి 80 పౌండ్లు, మొత్తం మీద దగ్గర దగ్గర 1,300 డాలర్లు. ఆయన అబద్ధం ఆడాడని నేను అనను, ఆయన పని తక్కువకి కొనడం. తూకం వేయకపోవడం నా తప్పు.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం, అంకెలు ఉదాహరణకే. కోడెదూడలు సగటున 525 పౌండ్లు, వేలంలో పౌండుకి 3.80 డాలర్లు అనుకోండి. పెయ్యలు 490 పౌండ్లు, 3.45 డాలర్లు. ట్రైలర్ ఎక్కించి, దించి, రాత్రంతా అక్కడి దొడ్డిలో (పెన్) నిలబెడితే పేడ, మూత్రం పోయి తూకం తగ్గుతుంది, మన భాషలో తరుగు. నాలుగు శాతం వేసుకుందాం. కమీషను, యార్డు ఖర్చు, మేత అన్నీ కలిపి దూడకి ఓ 80 డాలర్లు తీసేస్తే కోడె మీద చేతికి 1,830 దాకా వస్తుంది, పెయ్య మీద 1,540 దాకా. సగటు 1,685. ఇంటి బేరం కంటే దూడకి 35 డాలర్లు ఎక్కువ, అంతే. డీజిలు, ఒక రోజు పని, అద్దె ట్రైలర్ లెక్కేస్తే రెండూ సమానమే అనిపిస్తుంది.

కానీ ఇదంతా 525 అన్న అంకె నిజమైతేనే. మీ కోడెలు 575 ఉన్నాయనుకోండి, బరువు పెరిగిన కొద్దీ పౌండు ధర కాస్త తగ్గినా సరే, ఆ 50 పౌండ్లు మీ కమీషన్ కంటే పెద్ద మొత్తం. అందరూ కమీషన్ గురించే బాధపడతారు. అసలు డబ్బు పోయేది తూకంలో.

కాబట్టి ఆయన్ని పొమ్మనకండి, ఇలా చెప్పండి: "తలకింత అని ఇవ్వను, పౌండుకింత అని ఇస్తాను, కాటా మీద పెట్టి." మీ దగ్గర కాటా లేకపోతే ట్రక్ స్టాప్‌లో సర్టిఫై చేసిన కాటా ఉంటుంది, దూడలతో ఒకసారి, ఖాళీ ట్రైలర్‌తో ఒకసారి తూకం వేస్తే సరిపోతుంది. కోడెలకి ఒక ధర, పెయ్యలకి ఒక ధర. తరుగు ఎంత తీస్తారో ముందే మాట్లాడుకోండి, ఇంటి బేరాల్లో కాగితం మీద రెండు మూడు శాతం తీయడం మామూలే, దూడలు అప్పటికే గంట ప్రయాణం చేసి కాటా ఎక్కితే అది కూడా ఇవ్వక్కర్లేదు. ఇంకో సంగతి, తలకి ఒకే ధర అని చెప్పి, తీరా ట్రైలర్ తెచ్చాక ఇవి వద్దు అవి కావాలి అని ఏరుకోవడం మొదలుపెడితే బేరం అక్కడే ఆపేయండి. పైన చూశారుగా, 1,650కి కోడెల్ని మాత్రం తీసుకెళ్తే లాభం ఆయనది, మిగిలిన పెయ్యలు మీవి.

ధర ఎంత అడగాలో ఎలా తెలుస్తుంది అంటే, అమెరికా వ్యవసాయ శాఖ వేలం కేంద్రాల ధరలు బరువు తరగతుల వారీగా, కోడెలకీ పెయ్యలకీ విడివిడిగా ప్రచురిస్తుంది, ఉచితంగా. మీకు దగ్గర్లో ఉన్న రెండు మూడు మార్కెట్లవి నాలుగు వారాలు వరసగా చూడండి. ఇప్పుడు బేరం అమ్మేవాడి చేతిలో ఉంది. 2025 జనవరి 1 లెక్కలో దేశం మొత్తం పశువులు 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేవు. దానికి తోడు పశువుల పుండ్లలో పడి మాంసం తినే స్క్రూవర్మ్ పురుగు భయంతో 2024 నవంబరులో, మళ్ళీ 2025లో మెక్సికో దూడల రాకకి గేట్లు పడ్డాయి. తొందరపడి ఇచ్చే అవసరం లేదు.

నా చిన్నప్పుడు మా సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం ఆడేవాళ్ళు, పక్కన నిలబడ్డవాడికి కూడా ధర తెలిసేది కాదు. ఇంటి దగ్గర బేరం నాకు ఎప్పుడూ ఆ తువ్వాలులాగే అనిపిస్తుంది. సేల్ బార్న్‌లో ధర అందరి ముందు అరిచి చెబుతారు, నలుగురు పోటీ పడతారు, కమీషన్ ఇచ్చేది ఆ పోటీ కోసం, ఇంకా డబ్బు భద్రంగా చేతికి రావడం కోసం. 1921 నాటి చట్టం ప్రకారం వేలం కేంద్రం హామీగా బాండ్ కట్టాలి, అమ్మినవాళ్ళ డబ్బు వేరే ఖాతాలో పెట్టాలి, అమ్మకం మర్నాటి పనిదినం ముగిసేలోపు మీకు చెల్లించాలి. ఇంటికి వచ్చినాయన రిజిస్టరైన డీలరు అయితే ఆయనకీ చెల్లింపు గడువు అదే. డీలరు ఎగ్గొడితే పట్టుకోవడానికి 2020 డిసెంబరులో ఇంకో రక్షణ వచ్చింది, కానీ "అప్పు మీద ఇస్తున్నాను" అని మీరు సంతకం పెట్టారంటే అది మీకు వర్తించదు. వచ్చినవాడు ఊరికే పక్క ఊరి రైతు అయితే ఇవేవీ లేవు, మీ జాగ్రత్తే మీకు రక్ష. డబ్బు మీ ఖాతాలో పడ్డాక ట్రైలర్ కదలాలి. బ్యాంకు చెక్కు ఇస్తే, చెక్కు మీద ఉన్న నంబరుకి కాకుండా మీరే బ్యాంకు నంబరు వెతుక్కుని ఫోన్ చేయండి. దూడల సంఖ్య, ట్యాగ్ నంబర్లు, ధర, తేదీ రాసి ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఒకటి దగ్గర ఉంచుకోండి. బీఫ్ చెకాఫ్ అని గొడ్డుమాంసం ప్రచారం కోసం కట్టే రుసుము ఉంటుంది, తలకి దేశం మొత్తానిది ఒక డాలరు, టెక్సాస్‌ది ఇంకో డాలరు, అవి ఇంటి అమ్మకానికి కూడా కట్టాలి, చాలామందికి తెలియదు.

18 దూడలు, అందులోనూ మొదటిసారి, కాటా కుదరకపోతే మాత్రం వేలానికే తోలండి. తోలేముందు కోడెలకి వట్టలు తీయించి ఉండాలి, తల్లి నుంచి విడదీసి కనీసం 45 రోజులు కావాలి, టీకాలు పడాలి, ఆ కాగితాలు బార్న్ వాళ్ళకి ముందే ఇచ్చి రింగులో చెప్పమనాలి. నిన్న తల్లిని వదిలి ఈరోజు అరుస్తూ వచ్చిన దూడకి తక్కువ ధర పలుకుతుంది, జబ్బు పడుతుందని కొనేవాడికి తెలుసు.

ప్రశ్న: మేము 10 చూడి ఆవులు కొనాలనుకుంటున్నాం. మా ఆయన వారం వారం సేల్ బార్న్‌కి వెళ్ళి చూసి వస్తున్నారు. అక్కడ ధర తక్కువ. తెలిసిన రైతు దగ్గర అయితే ఒక్కోటి 600 డాలర్లు ఎక్కువ చెబుతున్నాడు. వేలంలో కొనేద్దామా?
— ఒక గృహిణి, టెక్సాస్

జవాబు: వద్దమ్మా. దూడల్ని అమ్మడానికి వేలం మంచిది, కానీ తల్లుల్ని కొనడానికి రైతు ఇంటికే వెళ్ళండి. రింగులోకి వచ్చిన ఆవుని మీ ఆయన చూసేది ఒక నిమిషం, అది కూడా భయపడి గుండ్రంగా తిరుగుతుంటే. ఎవరైనా మంచి ఆవుని ఎందుకు తోలుకొస్తారో ఆలోచించండి. చూడి నిలవలేదు, పళ్ళు అరిగాయి, పొదుగు చెడింది, మనిషిని పొడుస్తుంది, కంచె దూకుతుంది, మామూలు వారాల్లో వచ్చేవి ఎక్కువగా ఇవే. చాలాచోట్ల డాక్టరు చూడి నెలలు, వయసు చూసి వీపు మీద గుర్తు పెడతాడు, ఆ మాట నిజమే, కానీ కంచె దూకే సంగతి ఆ గుర్తులో ఉండదు.

రైతు దగ్గరికి మేత వేసే వేళకి వెళ్ళండి. ఆవులు మనిషిని చూసి దగ్గరికి వస్తున్నాయా, తల ఎత్తి పారిపోతున్నాయా చూడండి. పోయిన ఏటి దూడ ఉంటే చూపించమనండి. ఆబోతుని ఏ నెలలో వదిలారో అడగండి, ఎందుకు అమ్ముతున్నారో నేరుగా అడగండి, జవాబు చెప్పడానికి తడబడితే అదీ ఒక జవాబే. మీ ఖర్చుతో మీ డాక్టరుని పిలిపించి చూడి, పళ్ళు చూపించుకోండి, నిజమైన రైతు కాదనడు. ఆబోతుని కూడా కొంటుంటే ట్రిక్ (ఆబోతు నుంచి ఆవులకి అంటే ట్రైకోమోనియాసిస్ జబ్బు) పరీక్ష లేకుండా ఇంటికి తేవద్దు, ఆ జబ్బు బయటికి కనపడదు, మీ ఆవులు ఒక్కటీ చూడి నిలవకపోయాకే తెలుస్తుంది. ఒక్క ఈనని ఏడాదిలో మీ 600 ఎక్కడికి పోతుందో లెక్క వేసుకోండి.

రెండు సందర్భాల్లో మాత్రం వేలంలో మంచి ఆవులు దొరుకుతాయి. ఒకటి కరువు. 2011లో టెక్సాస్‌లో గడ్డి లేక, నీళ్ళు లేక ఎంతో మంచి మందలు మార్కెట్‌కి వచ్చాయి. రెండోది, వయసు మళ్ళిన రైతు మంద మొత్తం అమ్మేసే ప్రత్యేక వేలం. అలాంటి ప్రకటన కనపడితే వేలానికి ముందు రోజే వెళ్ళి పెన్లలో తీరిగ్గా చూసుకోండి. ఎక్కడ కొన్నా నెల రోజులు మిగతా పశువులకి దూరంగా ఉంచండి.

ప్రశ్న: మా హియర్‌ఫర్డ్ ఆవులకి బ్రాహ్మన్ ఆబోతుని వేశాం. దూడలు చూడటానికి ఎంత బాగున్నాయో, అయినా వేలంలో మా కోడెలకి అందరికంటే తక్కువ ధర పలికింది. ఎందుకు?
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: చెవుల వల్ల. వేలాడే చెవి బ్రాహ్మన్ రక్తానికి గుర్తు, అది వేలాడే కొద్దీ పౌండు ధర జారుతుంది, బ్రాహ్మన్ రక్తం ఎక్కువైతే మాంసంలో కొవ్వు చారలు తక్కువ, గట్టిగా ఉంటుంది అని ఫీడ్‌లాట్ (దాణా పెట్టి పశువుల్ని బలిపించే చోటు) వాళ్ళు ధర తగ్గిస్తారు. నాకు ఇది చెప్పడానికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ మూపురం, ఆ గంగడోలు మన ఊళ్ళవి. అమెరికా బ్రాహ్మన్‌లో మన ఒంగోలు, దాన్ని బయటి దేశాల్లో నెల్లూరు అంటారు, ఇంకా గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ రక్తం కలిసింది. బ్రాహ్మన్ పెంపకందార్ల సంఘం 1924లోనే పుట్టింది. బ్రెజిల్‌లో అయితే 2023లో ఒక నెల్లూరు ఆవులో మూడో వంతు వాటాకే వేలంలో దాదాపు 70 లక్షల రెయాళ్ళు (బ్రెజిల్ డబ్బు) పలికింది.

మీ దగ్గర అసలు విలువ పెయ్యల్లో ఉంది. హియర్‌ఫర్డ్, బ్రాహ్మన్ మొదటి సంకరం పెయ్యల్ని ఇక్కడ టైగర్ స్ట్రైప్ అంటారు, ఎండకి, పిడుదులకి తట్టుకుంటాయి, మంచి తల్లులవుతాయి, వాటి కోసం దక్షిణ టెక్సాస్ రైతులు వెతుక్కుంటూ వస్తారు. వాటిని మామూలు వారపు వేలంలో మాంసం దూడల మధ్య తోలేశారంటే నష్టం మీదే. ఫోటోలు తీసి, ఆబోతు వివరాలు రాసి, ఇంటి దగ్గరే అమ్మండి, లేదంటే తల్లి పశువుల ప్రత్యేక వేలానికి పేరు ఇవ్వండి. ఇక్కడ తూకం కంటే వంశం, ఒడ్డూ పొడుగూ ముఖ్యం, కాబట్టి తలకింత అని చెప్పడమే న్యాయం.

ప్రశ్న: మా అమ్మ ప్రకాశం జిల్లా నుంచి వచ్చింది. దూడల్ని ట్రైలర్ ఎక్కిస్తుంటే ఏడ్చింది. వేలానికి కాకుండా ఇంటి దగ్గర రైతుకే అమ్మితే పెంచుకుంటాడు కదా అంటోంది. నిజమేనా?
— పేరు రాయొద్దన్నారు

జవాబు: నిజం కాదండీ, అమ్మగారికి అబద్ధం చెప్పకండి. పెయ్యల్లో కొన్నిటిని తల్లులుగా ఉంచుకుంటారు. కోడెదూడలు ఎవరి చేతికి వెళ్ళినా కొన్నాళ్ళు గడ్డి మీద, తర్వాత ఫీడ్‌లాట్, తర్వాత మాంసం ఫ్యాక్టరీ. ఇంటి దగ్గర అమ్మితే దారి మారదు, మధ్యలో మనుషులు మారతారు. నేను ఈ పని ఒప్పుకునే చేస్తున్నాను, నా దూడలు బతికినన్నాళ్ళు భయం లేకుండా, ఆకలి లేకుండా బతకాలని చూస్తాను, అంతవరకే నా చేతిలో ఉంది. మీ ఇంట్లో అది ఒప్పలేకపోతే అందులో తప్పేమీ లేదు. వ్యవసాయ భూమికి ఇచ్చే పన్ను తగ్గింపు కోసమే ఆవులు పెట్టి ఉంటే వేరే దారులున్నాయి. గడ్డి కోసి అమ్ముకోవచ్చు. భూమి 5 నుంచి 20 ఎకరాల మధ్య ఉంటే టెక్సాస్‌లో తేనెటీగల పెంపకానికి కూడా ఆ తగ్గింపు వర్తిస్తుంది. ఎన్ని పెట్టెలు ఉండాలన్నది కౌంటీని బట్టి మారుతుంది, ఆవుల్ని తీసేయకముందే పన్ను కోసం భూమి విలువ కట్టే అప్రైజల్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి.