లేబుళ్ళ పని మొదలుపెడుతున్నావటగా, ఇవి విను

బుజ్జీ,

నువ్వు ఉద్యోగం మానేసి ఇంట్లోనే లేబుళ్ళు ప్రింట్ చేసిచ్చే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సగం సేపు గొప్పలు పోయింది, సగం సేపు ఏడ్చింది. నాదీ అదే పరిస్థితి. ల్యాబ్ స్టోరులో సీసాల మధ్యే ఉద్యోగమంతా చేసినవాణ్ణి కదా, మనింటి పిల్ల ఈ పనిలోకి వస్తోందంటే ముందు సంతోషం వేసింది, వెంటనే టెన్షన్ పట్టుకుంది. నువ్వు పంపిన శాంపిల్స్ చూశాను. పూలు, బంగారు అంచులు, వంకీల అక్షరాలు, అన్నీ బాగానే ఉన్నాయి కానీ డబ్బాలో ఏముందో చదవడానికి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను తల్లీ.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తా. అతికించే చోట తడి, జిడ్డు, దుమ్ము ఉండకూడదు. అతికించాక గట్టిగా రుద్దాలి, జిగురు పూర్తిగా పట్టడానికి ఒక రోజు పడుతుంది. పాలిథీన్, పాలీప్రొపిలీన్ డబ్బాలకు మామూలు జిగురు సరిగ్గా నిలవదు, ఫ్రీజర్‌లో పెట్టేవాటికి దాని జిగురు వేరే ఉంటుంది, కాబట్టి ఆర్డర్ తీసుకునేటప్పుడే ఎక్కడ అతికిస్తారో అడుగు. అట్టపెట్టెలకు పక్కన వేయమను, ఒకదాని మీద ఒకటి పేర్చాక పైభాగం ఎవరికీ కనపడదు. కేబుళ్ళకైతే రెండు చివర్లా ఉండాలి. ఇవన్నీ నీకు పనిలో పడితే వచ్చేస్తాయి. వెనక కాగితం ఒలిచి అతికించే లేబుల్‌ని అమెరికాలో స్టాంటన్ ఏవరీ అనే ఆయన 1935లోనే అమ్మకానికి తెచ్చాడు, అయినా నేను చేరేనాటికి మాకు మాత్రం గమ్ సీసా, బ్రష్షే గతి. వేళ్ళకు అంటుకున్న గమ్ ఎంత కడిగినా వదిలేది కాదు.

ప్రింటర్ గురించి మాత్రం కోపం వచ్చింది. ఇంకు అక్కర్లేదని వేడితో అచ్చయ్యేది కొన్నావట. అది డైరెక్ట్ థర్మల్. ఆ కాగితం మీద పూతే వేడికి నల్లబడి అక్షరమవుతుంది, అందుకే ఎండలో, వేడిలో పెడితే ఉన్న అక్షరం వెలిసిపోవడమో, మొత్తం నల్లబడడమో జరుగుతుంది. పర్సులో పెట్టుకున్న బిల్లు కొన్నాళ్ళకు తెల్లకాగితం అయిపోవడం చూడలేదూ? పార్సిల్ మీద అడ్రస్‌కి అది చాలు, నాలుగు రోజుల్లో దాని పని అయిపోతుంది. ఏళ్ళ తరబడి అలమరలో ఉండే సీసాకి రిబ్బన్‌తో అచ్చువేసే థర్మల్ ట్రాన్స్‌ఫర్ కావాలి. కొనే ముందు ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? సరేలే, పార్సిళ్ళకు వాడుకో.

ఇప్పుడు అసలు విషయం. మా స్టోరులో నాకంటే ముందు ఒక పెద్దాయన ఉండేవాడు. అంత శుభ్రంగా పనిచేసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు, అక్షరాలు ముత్యాలే. ఆయన లేబుళ్ళన్నీ మూతల మీద అతికించేవాడు. డబ్బాలు లోతైన సొరుగుల్లో ఉండేవి, సొరుగు లాగగానే పైనుంచి పేర్లన్నీ ఒక్కసారి కనిపించేవి. చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు, నాతో సహా. ఒకరోజు తూకం వేస్తూ రెండు డబ్బాలు ఒకేసారి తెరిచారు. ఒకదాంట్లో వాషింగ్ సోడా, ఇంకోదాంట్లో కాస్టిక్ సోడా. రెండూ తెల్లగానే ఉంటాయి, డబ్బాలు ఒకే సైజు. మూతలు తారుమారయ్యాయి. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు, చేసినవాళ్ళకే తెలిసి ఉండదు. తర్వాత కొత్తగా చేరిన కుర్రాడొకడు గచ్చు కడగడానికి వాషింగ్ సోడా అని ఉన్న డబ్బా తీసి, బకెట్లో కొంచెమే నీళ్ళుంటే అందులో గుమ్మరించాడు. కాస్టిక్ సోడా నీళ్ళలో పడితే ఎంత వేడి పుడుతుందో నీకు తెలియదు. బుసబుసమని చిమ్మింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. వెంటనే కుళాయి కింద చెయ్యి పెట్టించి చాలాసేపు నీళ్ళు వదిలాం కాబట్టి చెయ్యి దక్కింది, మచ్చ మాత్రం పోలేదు. కళ్ళలో పడి ఉంటే? ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే నాకు నిద్ర పట్టదు. పైగా ఆఫీసులో అందరూ వాణ్ణే తిట్టారు, లేబుల్ చదవడం రాదా అని. వాడు చదివాడమ్మా. చదివి నమ్మాడు.

మర్నాడు పెద్దాయన, నేను కూర్చుని ప్రతి డబ్బా ఒంటికీ కొత్త లేబుల్ వేశాం. ఏది ఏదో ఖాయంగా చెప్పలేనివి పక్కన పెట్టి పారబోయించాం. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే చెబుతున్నా, ఎవరైనా మూత మీదకి గుండ్రటి స్టిక్కర్ కావాలంటే వేసివ్వు, కానీ ఒంటికి ఇంకోటి వేయకుండా పంపకు. పేరు పెద్దదిగా, నింపిన తేదీ దాని కింద. రంగు ఒక్కటే గుర్తుగా పెట్టకు, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్ళు ఉంటారు. శుభ్రం చేసే మందుల సీసాలకు డిజైన్ చేస్తే పండ్ల బొమ్మలు వేయకు, చదవడం రాని పిల్లలకు బొమ్మే లేబుల్. ప్రమాదకరమైన రసాయనాల డబ్బాల మీద ఎర్ర గీతల డైమండ్‌లో హెచ్చరిక బొమ్మలుంటాయే, చర్మాన్ని కాల్చేది, మంటలంటుకునేది అని, ఐక్యరాజ్యసమితి పద్ధతిలో అలాంటివి తొమ్మిది ఉన్నాయి. వాటిని అందం చెడుతుందని చిన్నవి చేయమంటారు. చేయకు. ఆర్డర్ పోతే పోనీ.

బార్‌కోడ్ అడుగుతారు కూడా. 1974లో అమెరికాలోని ఒహాయోలో, ఒక దుకాణంలో చూయింగ్ గమ్ ప్యాకెట్‌ని స్కాన్ చేయడంతో సరుకుల మీద వాడకం మొదలైన గీతలు అవి. తెల్లటి మీద ఎర్ర గీతలతో వేయకు, మామూలు స్కానర్ ఎర్ర కాంతితోనే చూస్తుంది, దానికి ఆ గీతలు కనపడవు. రెండు పక్కలా ఖాళీ వదులు, అక్కడ నీ పూలు పెట్టకు. ఆ గీతల్లో ఉండే నంబరు నువ్వు కల్పించకు, కస్టమర్ తెచ్చుకోవాలి.

చాలా తిట్టానా? మీ అమ్మకి చదివి వినిపించకు, మళ్ళీ ఏడుస్తుంది. కొత్త ప్రింటర్‌కి డబ్బు తక్కువైతే ఆమెని అడగకు, నన్నడుగు. మొదటి రోల్ రాగానే నాకు ఒక షీటు పంపు. నీళ్ళలో నానబెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, ఎండలో ఆరేసి, స్పిరిట్‌తో తుడిచి ఏది నిలిచిందో రాస్తాను. దానికి బిల్లు వెయ్యి, మావయ్య అని మొహమాటపడకు.

మీ మావయ్య