హోగార్త్ వ్యంగ్య చిత్రాలు: జోకు ఎక్కడుంది?

18వ శతాబ్దపు ఇంగ్లిష్ వ్యంగ్య చిత్రాల్లో దొరల ఇళ్ళు చూస్తుంటే విగ్గులు తప్ప ఇంకేమీ కనపడట్లేదు, జోకు ఎక్కడుందని ఒకరు అడిగారు. నాదీ అదే కథ. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆ కాలపు చిత్రకారుడు విలియం హోగార్త్ వేసిన 'మ్యారేజ్ అ-లా-మోడ్' (ఫ్యాషన్ పెళ్ళి) ఆరు బొమ్మలనీ మొదటిసారి పది నిమిషాల్లో చూసేసి కాఫీకి వెళ్ళిపోయాను.

ఇంటికొచ్చి 1745లో వచ్చిన ప్రింట్లని, అంటే అవే బొమ్మల్ని రాగిరేకుల మీద చెక్కి కాగితం మీద అచ్చేసినవాటిని, జూమ్ చేసి చూస్తే కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి. అసలు ఆయన రంగుల బొమ్మలు వేసిందే ఆ ప్రింట్ల కోసం. మొదటి సీను పెళ్ళి బేరం. పెయింటింగ్‌లో కుడివైపున్న ముసలి ఎర్ల్ (పెద్ద దొర, పెళ్ళికొడుకు తండ్రి) ప్రింట్‌లో ఎడమకి వస్తాడు. అక్కణ్ణుంచి పుస్తకంలో లైను చదివినట్టు కుడికి చదువుకుంటూ పోవచ్చు. వాతంతో వాచిన కాలికి కట్టు, వేలు వంశవృక్షం మీద, చంకకర్రకి కూడా కిరీటం గుర్తు! కిటికీ అవతల డబ్బుల్లేక ఆగిపోయిన కొత్త భవనం. ఎదురుగా డబ్బున్న వ్యాపారి, ఆయన కూతురే పెళ్ళికూతురు. పెళ్ళికొడుకు ఆమె వైపు తిరిగి కూడా చూడడు, అద్దంలో తనని తాను చూసుకుంటుంటాడు. వాళ్ళ దగ్గర ఒకే గొలుసుకి కట్టేసిన రెండు కుక్కలు. కట్నం బేరాలు చూసిన మనకి ఇది వివరించక్కర్లేదు.

రెండో బొమ్మలో గడియారం ఒంటిగంట దాటింది, పెళ్ళైన ఆ జంటకి మాత్రం అప్పుడే తెల్లారింది. కుక్కపిల్ల మొగుడి జేబులోంచి ఎవరో ఆడమనిషి టోపీ లాగుతుంటే, గుమస్తా బిల్లుల కట్ట పట్టుకుని చెయ్యెత్తి వెళ్ళిపోతున్నాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గుమస్తా మొహమే.

హోగార్త్ పుస్తకాలకి వేసిన బొమ్మల సంగతికొస్తే, బట్లర్ వ్యంగ్య కావ్యం 'హుడిబ్రాస్'కి 1726లో వేసినవి చూడండి. అందులో గేలి దొరల మీద కాదు, ప్యూరిటన్ల మీద, అంటే మత నియమాల్లో మహా కఠినంగా ఉండే క్రైస్తవుల మీద. 1760లో స్టెర్న్ నవల 'ట్రిస్ట్రమ్ షాండీ'కి వేసిన బొమ్మ చిన్నదే. అందులో ట్రిమ్ అనే పాత్ర నిలబడి చర్చి ప్రసంగం చదువుతుంటే డాక్టర్ స్లాప్ కుర్చీలో నిద్రపోతుంటాడు.

ఇంకోటి. ఫ్రెంచ్ ఫ్యాషన్లని అంత వెక్కిరించిన హోగార్త్, ఆ ఆరు ప్రింట్ల రాగిరేకులు చెక్కించింది ఫ్రెంచ్ వాళ్ళ చేతే. సెట్టు ధర అప్పట్లో ఒక గిన్నీ (ఆనాటి ఇంగ్లిష్ బంగారు నాణెం). అసలు పెయింటింగులు 1751 వేలంలో ఆరూ కలిపి 120 గిన్నీలకే పోయాయి.