నార్తర్న్ సోల్ ఇంగ్లండ్‌లో పుట్టిన సంగీతమా?

కాదు, పాటలు అమెరికావి. వాటికి రాత్రంతా డాన్స్ చేసే అలవాటు మాత్రం ఉత్తర ఇంగ్లండ్ కార్మిక కుర్రకారుది. వారమంతా ఫ్యాక్టరీలో ఒకే పని, పైన సూపర్‌వైజర్ అదమాయింపు. శనివారం రాత్రి ఒక్కటే వాళ్ల సొంతం. 1960ల్లో డెట్రాయిట్, షికాగోల్లో నల్లజాతి గాయకులు పాడిన హుషారైన సోల్ పాటలు దానికి సరిగ్గా కుదిరాయి.

ఉదాహరణకు విగాన్ క్యాసినో. పేరుకే క్యాసినో, నిజానికి అది ఉత్తర ఇంగ్లండ్‌లోని విగాన్ పట్టణంలో ఉన్న డాన్స్ హాలు. 1973 నుంచి 1981 దాకా అక్కడ అర్ధరాత్రి దాటాక మొదలైన డాన్స్ తెల్లవారి 8 దాకా సాగేది. బూట్లు జారేలా నేల మీద టాల్కం పౌడర్ చల్లుకుని మరీ గిరగిరా తిరిగేవాళ్లు. మద్యం అమ్మేవారు కాదు (నిద్ర రాకుండా ఉత్తేజపరిచే మాదక మాత్రలు మింగేవాళ్లు ఉన్నారనుకోండి).

డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ హిట్లే అక్కడ మోగేవని చాలామంది అనుకుంటారు. నిజానికి గిరాకీ అంతా అమెరికాలో అమ్ముడుపోని ఫ్లాప్ రికార్డులకే. ఎంత అరుదైనది దొరికితే డీజేకి అంత పేరు.